అక్క పిల్లల్ని మేమే పెంచుతున్నాం. దత్తత తీసుకోవాలా?

గాజువాక నుంచి అడిగిన చెల్లెలికి,

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. రొయ్యల కంపెనీలో పనిచేసే మీ అక్క పోయి ఎనిమిది నెలలైంది. బావగారికి తాగుడు. నెలకోసారి వస్తాడు, ఒక్కోసారి రెండు నెలలైనా జాడ ఉండదు. తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు మీ ఇంట్లోనే ఉంటున్నారు. మీకు ఆరేళ్ల బాబు ఉన్నాడు. అరవై ఏడేళ్ల మీ అమ్మగారూ మీతోనే. దత్తత తీసుకోవాలా? స్కూలు వాళ్లు "తల్లి పేరు దగ్గర మీ పేరే వేసేద్దాం, గొడవ వదిలిపోద్ది" అంటున్నారు, వేయించాలా? బావ వచ్చి పిల్లల్ని పట్టుకుపోతే ఎలా? చిన్నోడు "అమ్మ ఎప్పుడొస్తాది" అంటే ఏం చెప్పాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. దత్తత ఇప్పుడు వద్దు. స్కూల్లో తల్లి పేరు దగ్గర మీ అక్క పేరే ఉండాలి, మీ పేరు సంరక్షకురాలి దగ్గర ఉండాలి. కోర్టులో గార్డియన్ పిటిషన్ వేయండి. చిన్నోడికి అమ్మ చనిపోయిందని ఆ మాటతోనే చెప్పండి. నాలుగింటికీ కలిపి నేను చెప్పేది ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు. కాగితం మీదైనా, పిల్లల ముందైనా.

నేను లాయర్ని కాను. విశాఖలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లల సంక్షేమం పనిలో ఉన్నాను, అందులో కొన్నాళ్లు బాలల సంక్షేమ కమిటీలో, అదే అందరూ సీడబ్ల్యూసీ అనేదాంట్లో సభ్యురాలిని. మా తమ్ముడి కూతుర్ని మూడో ఏట నుంచి నేనే పెంచాను. కాబట్టి కొంత ఆఫీసు అనుభవం, కొంత ఇంటి అనుభవం కలిపి రాస్తున్నాను.

స్కూలు కాగితం సంగతి మొదట. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను చూసిన కేసుల్లో ఎక్కువ చిక్కులు ఇక్కడే మొదలయ్యాయి. కంచరపాలెం వైపు ఒక పెద్దమ్మ, చెల్లెలు పోయాక ఆ పిల్లని తెచ్చుకుని, ఒకటో తరగతిలో తల్లిదండ్రులుగా తన పేరు, భర్త పేరు రాయించేసింది. ప్రేమతోనే చేసింది. పిల్ల కూడా వాళ్లనే అమ్మా నాన్నా అనేది. పదో తరగతి మెమోలో అవే పేర్లు వచ్చాయి. తీరా కన్నతల్లి పనిచేసిన చోటు నుంచి పిల్లకి రావలసిన డబ్బు విషయం వచ్చేసరికి, పుట్టిన సర్టిఫికెట్లో ఒక తల్లి, మెమోలో ఇంకో తల్లి. "ఈ పిల్ల ఆ పిల్లే అని రుజువేంటి?" అన్నారు ఆఫీసులో. వాళ్ల తప్పూ లేదు, వాళ్ల ముందున్న కాగితం అలాగే ఉంది. తహసీల్దారు చుట్టూ, స్కూలు చుట్టూ, నోటరీ చుట్టూ తిరిగి తిరిగి అది తేలడానికి రెండేళ్లు దాటింది. ఆ పెద్దమ్మ నా టేబులు ముందు ప్లాస్టిక్ కవరు విప్పి కాగితాలు ఒక్కొక్కటీ పరుస్తుంటే, ఆవిడ చేతికి ఒక్కటి కూడా అబద్ధమని తోచలేదు. అన్నీ ప్రేమగా రాయించినవే.

స్కూలు వాళ్లు "తల్లీ తండ్రీ వస్తేనే చేర్చుకుంటాం" అంటే భయపడకండి. 2009 విద్యాహక్కు చట్టంలో గార్డియన్ అంటే కోర్టు నియమించినవాళ్లే కాదు, పిల్లవాడి ఆలనాపాలనా ఎవరి చేతిలో ఉందో వాళ్లు కూడా. అంటే మీరు. వయసు రుజువు లేదనో, టీసీ ఆలస్యమైందనో చేర్చుకోకుండా ఉండకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. హెడ్మాస్టరుతో తగువు పెట్టుకోకుండా ఒక అర్జీ రాసి ఇవ్వండి: తల్లి ఫలానా తేదీన చనిపోయారు, తండ్రి ఫలానా, పిల్లలు తల్లి చెల్లెలినైన నా దగ్గర ఉంటున్నారు, సంరక్షకురాలిగా నా పేరు, ఫోన్ నంబరు నమోదు చేయండి. మరణ ధ్రువపత్రం నకలు జత చేయండి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర రేపు కోర్టులో కూడా పనికొస్తుంది. తల్లికి వందనం లాంటి పథకాల్లో తల్లి పేరు, బ్యాంకు ఖాతా చూస్తారు కనుక, వార్డు సచివాలయంలో తల్లి చనిపోయినట్టు, సంరక్షకురాలు మీరన్నట్టు వివరాలు సరిచేయించుకోండి.

దత్తత ఎందుకు వద్దన్నానంటే. మీరు హిందువులనుకుని రాస్తున్నాను. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం సొంత కొడుకు బతికి ఉన్నవాళ్లు ఇంకో కొడుకుని దత్తత తీసుకోకూడదు. మీకు బాబు ఉన్నాడు. అంటే ఆ చట్టం కింద పాపని తీసుకోవచ్చు, చిన్నోణ్ణి తీసుకోలేరు. ఒక కడుపున పుట్టిన ఇద్దరిలో అక్క మీ కూతురవుతుంది, తమ్ముడు మీ అక్క కొడుకుగానే ఉంటాడు. ఆ పిల్లల మధ్య అంత గీత మనం గీయాలా?

ఇంకో దారి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. అందులో పిన్ని, బాబాయి, అత్త, మేనమామ, తాతలు, అమ్మమ్మ, నాన్నమ్మ బంధువుల లెక్కలోకి వస్తారు, మతంతో పని లేదు. దత్తత పోర్టల్లో నమోదు చేసుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డరు ఇచ్చేది జిల్లా కలెక్టరు. అయిదేళ్లు నిండిన పిల్లల సమ్మతి కూడా అడుగుతారు. కానీ ఏ చట్టమైనా తండ్రి బతికి ఉన్నాడు కాబట్టి ఆయన ఒప్పుకోవాలి. పైగా దత్తత అంటే ఆ ఇంటితో తెగతెంపులు. ఇప్పటికే పిల్లలకి సంక్రమించిన ఆస్తి పోదు గానీ, ఇక మీదట తండ్రి వైపు నుంచి రావలసిన వారసత్వం ఆగిపోతుంది. బావగారి ఊళ్లో నాలుగు సెంట్ల స్థలమో, అరెకరం పొలమో ఉందా? ఆయన ఇవాళ తాగి ఉన్నాడని ఆ పిల్లల వాటా మనం కొట్టేయకూడదు కదా.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద "నా పిల్లల్ని మరదలికి ఇచ్చేశాను" అని రాయించుకుని నోటరీ చేయించేవాళ్లు చాలామంది ఉన్నారు. అది దత్తత కాదు, గార్డియన్ ఆర్డరూ కాదు. కాకపోతే తండ్రి ఇష్టపూర్వకంగానే పిల్లల్ని మీ దగ్గర ఉంచాడనడానికి ఒక ఆధారం. ఉంటే దాచుకోండి, లేకపోతే దానికోసం బావ వెంట పడకండి.

గార్డియన్ పిటిషన్. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటున్నారో అక్కడి కోర్టులోనే వేయాలి. మీకు విశాఖ ఫ్యామిలీ కోర్టు. లాయరు ఫీజు గురించి కంగారు వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకీ, పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. జగదాంబ దగ్గర ఎవరో తెలిసిన లాయరున్నాడని అప్పు చేసి వెళ్లే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి చూడండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచను. తండ్రి బతికి ఉండి, ఆయన అనర్హుడు కాదని కోర్టు అనుకుంటే వేరేవాళ్లని గార్డియన్‌గా వేయదు. చట్టం దృష్టిలో తల్లి పోయాక తండ్రే సహజ సంరక్షకుడు. 2019లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. తల్లి కేన్సరుతో పోయింది, పాప తల్లి అక్కచెల్లెళ్ల దగ్గర పెరుగుతోంది. కోర్టు పాపని తండ్రికే అప్పగించింది. పెంచినవాళ్లు మంచివాళ్లు కాదని కాదు, తండ్రిలో తప్పు పట్టేందుకు ఏమీ లేక. అదే సుప్రీంకోర్టు 1992లో ఇంకో కేసులో, భార్య చావు తర్వాత వేధింపుల కేసులో ఉన్న తండ్రిని పక్కన పెట్టి, పిల్లల్ని మేనమామ దగ్గరే ఉంచింది. జడ్జీలు ఆ పిల్లలతో స్వయంగా మాట్లాడారు. మీ అమ్మగారి వయసు చూసి కోర్టు ఏమంటుందో అన్నారు కదా. కోవిడ్‌లో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న ఒక బాబు విషయంలో 2022లో నాన్నమ్మ, తాతల వైపే తీర్పొచ్చింది. పిన్నికి వయసు తక్కువ, జీతం ఉంది అన్నవి మాత్రమే కొలత కాదని చెప్పింది కోర్టు.

కాబట్టి మీకు కావలసింది బావని తిట్టే మాటలు కాదు, రాసిపెట్టిన వివరం. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ఆయన వచ్చిన తేదీ, తాగి వచ్చాడా లేదా, పిల్లలకి ఏం తెచ్చాడు, ఎంత డబ్బిచ్చాడు, ఏ మాట అన్నాడు. మంచిగా ఉన్న రోజు కూడా రాయండి, మామిడిపళ్లు తెచ్చాడంటే అదీ రాయండి. మంచి చెడ్డా రెండూ ఉన్న పుస్తకాన్నే జడ్జి నమ్ముతారు. స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, కేజీహెచ్‌లో చూపించిన ఓపీ చీటీలు, అన్నీ ఒక ఫైల్లో.

ఆయన ఒప్పుకుని కోర్టుకొచ్చి చెబితే నెలల్లో తేలిపోతుంది. ఎదురు తిరిగితే ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈలోగా మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు, మీ లాయరుకి గుర్తు చేయండి. అందుకే బావతో మాటలు తెంచుకోకండి అంటాను. ఆయన తల్లిగారో, అన్నగారో, ఊళ్లో ఆయన మాట వినే మనిషో ఉంటే వాళ్ల ద్వారా కదపండి. "నీ పిల్లల్ని లాక్కుంటున్నాం" అన్నట్టు కాకుండా "నువ్వు కుదుటపడేదాకా కాగితం మా పేరున ఉంటే స్కూలుకీ ఆసుపత్రికీ ఇబ్బంది ఉండదు" అన్నట్టు. అది నిజం కూడా. తాగుడు మానాలన్న ఉద్దేశం ఆయనకి ఎప్పుడైనా కలిగితే 14446కి ఫోన్ చేయించండి, అది ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్.

ఆయన తాగి వచ్చి పిల్లల్ని పట్టుకుపోతానంటే గేటు దగ్గర లాగులాట పెట్టుకోకండి. నేను చూసిన దెబ్బల్లో సగం అక్కడే తగిలాయి, అదీ పిల్లలకి. పిల్లల్ని పక్కింటికి పంపించి, ముందు పోలీసులకి 112కి, తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. "తండ్రి తాగి ఉన్నాడు, పిల్లలకి ప్రమాదం" అనే చెప్పండి. "కిడ్నాప్" అనకండి. తండ్రి మీద ఆ మాట నిలబడదు, వచ్చిన ఎస్సై ఆ ఒక్క మాట పట్టుకుని "కుటుంబ గొడవ, మీరూ మీరూ చూసుకోండి" అని వెళ్లిపోయే అవకాశం ఎక్కువ.

అది జరక్క ముందే సీడబ్ల్యూసీ ముందుకి మీరే పిల్లల్ని తీసుకెళ్లడం మంచిది. మీ అమ్మగారికి "వాళ్లు హోంలో వేసేస్తారట" అని భయమన్నారు. నేను ఆ బల్లకి అవతలి వైపు కూర్చున్నదాన్ని. చూసుకునే బంధువులు ఎదురుగా ఉంటే పిల్లల్ని హోంకి పంపడానికి కారణం ఉండదు. హోం అన్నది చిట్టచివరి దారి అని చట్టంలోనే రాసి ఉంది. మీ ఇంటికి ఒక మనిషి వచ్చి చూసి రిపోర్టు రాస్తారు. ఎంత మంది, ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అని అడుగుతారు. ఇల్లు చిన్నదని సిగ్గుపడకండి, రేకుల ఇంట్లో హాయిగా పెరుగుతున్న పిల్లల్ని ఎంతమందిని చూశామో. కమిటీ పిల్లల్ని మీ దగ్గరే ఉంచుతూ ఆర్డరిస్తే, అది కోర్టు గార్డియన్ ఆర్డరుతో సమానం కాదు గానీ పోలీసుల ముందు చూపించడానికి గట్టి కాగితం. ఒక్క జాగ్రత్త: 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. గాజువాక, పెందుర్తి విశాఖ జిల్లాలో ఉన్నాయి. పరవాడ, సబ్బవరం అనకాపల్లిలోకి వెళ్లాయి. మీరు రేపు అద్దె తక్కువని పరవాడ మారితే కమిటీ కూడా మారుతుంది.

ఇప్పుడు డబ్బు. దీని గురించి మీరు అడగలేదు. అడగడానికి మొహమాటపడి ఉంటారు. ముగ్గురు పిల్లల్ని ఒక జీతం మీద పెంచడం ఎంత కష్టమో ఎవరికి తెలీదు.

కేంద్ర ప్రభుత్వ పిల్లల పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది. బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలు, తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఉన్న పిల్లలు దీనికి వస్తారు. దరఖాస్తు జిల్లా బాలల రక్షణ విభాగంలో. కుటుంబ ఆదాయం పట్నంలో ఏడాదికి 96,000, పల్లెలో 72,000 దాటకూడదు. ఏడాదికి 96 వేలంటే నెలకి ఎనిమిది వేలు. గాజువాకలో రెండు గదుల అద్దెకి ఏం మిగులుతుందో ఆ లెక్క వేసినవాళ్లకే తెలియాలి. మీ ఆయన జీతం దాటుతుందనిపిస్తే కూడా వెళ్లి అడగండి, ఆదాయ ధ్రువపత్రం ఏం చెబుతుందో అది చూస్తారు. ఒకటో తారీఖున పడతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక్కోసారి నాలుగైదు నెలలవి కలిపి పడతాయి. బియ్యం, పాలు దాని మీద లెక్కేసుకుంటే ఇబ్బంది పడతారు.

అంతకన్నా ముందు మీ అక్క వదిలి వెళ్లినవి చూడండి. రొయ్యల కంపెనీలో పీఎఫ్ కట్ అయ్యేదా? జీతం చీటీ ఉంటే తెలుస్తుంది. పీఎఫ్ సొమ్ము ఒక్కటే కాదు, దానితో పాటు ఈడీఎల్ఐ అని బీమా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షల వరకు. ఆపైన పింఛను. సభ్యురాలు పోతే భర్తకి వచ్చే పింఛను కాక, ఇద్దరు పిల్లలకి చెరొకటి, 25 ఏళ్లు నిండేదాకా వస్తుంది. భర్త పింఛనులో పావు వంతు, ఎంత తక్కువైనా నెలకి 250. చిన్న మొత్తమే, కానీ పాపకి పదహారేళ్లు, బాబుకి ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేది. రేపు తండ్రి కూడా లేకుండా పోతే అది అనాథ పింఛనుగా మారుతుంది, భర్త పింఛనులో ముప్పావు వంతు, కనీసం 750. ఈ పిల్లల వాటాలు ఎవరి చేతికివ్వాలన్న దగ్గర గార్డియన్ ఆర్డరు అడుగుతారు. బావ సంతకం పెట్టి తీసుకుపోతాడేమోనన్న భయం కూడా అక్కడే. అందుకే పిటిషన్ తొందరగా వేయమన్నది.

మీ అక్క మెప్మా గ్రూపులో, అంటే పట్నం ఆడవాళ్ల పొదుపు సంఘంలో ఉందా? గ్రూపు పొదుపులో ఆవిడ వాటా ఉంటుంది. అప్పూ ఉండొచ్చు, రెండూ అడగండి. ఆవిడ బంగారం ఏముందో ఒక కాగితం మీద రాసి, మీ అమ్మగారు, బావ తరఫు ఒక మనిషి సంతకం పెట్టి ఫొటో తీసి ఉంచండి. వాడినా, తాకట్టు పెట్టినా, ఎందుకు పెట్టారో అందులోనే రాయండి. ఆవిడ పేరున స్థలమో ఇల్లో ఉంటే అది ఇద్దరు పిల్లలకీ, భర్తకీ సమాన వాటాలు. "పెంచుతున్నాం కదా" అని మైనర్ల వాటా మీరు అమ్మలేరు. కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా అమ్మలేడు. మీకు ఇది ఆటంకంలా అనిపించవచ్చు. నాకైతే ఇది మిమ్మల్ని కాపాడే నిబంధన. పదేళ్ల తర్వాత పాప మిమ్మల్ని "అమ్మ గొలుసేమైంది పిన్నీ" అని అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.

చిన్నోడి ప్రశ్న. ఇంతవరకు అందరూ "అమ్మ ఊరెళ్లింది" అని చెప్పారన్నారు. అందరూ అదే చేస్తారు. హనుమంతవాక దగ్గర ఒక కుటుంబంలో అయిదేళ్ల బాబుకి అమ్మ భీమిలి వెళ్లిందని చెప్పారు. నేను వాళ్లింటికి వెళ్లిన రోజు ఆ బాబు స్టాపులో నిలబడి ఉన్నాడు. భీమిలి బోర్డున్న బస్సు ఆగితే చాలు, దిగేవాళ్ల మొహాలన్నీ చూసేవాడు. మిగతా బస్సుల వైపు తల కూడా తిప్పలేదు. వాడికి అప్పటికే బోర్డు చదవడం వచ్చేసింది. వాళ్ల తాత గర్వంగా చెప్పాడు నాకు, "ఇంకా బడికెళ్లకుండానే చదివేస్తున్నాడమ్మా" అని. ఎందుకు నేర్చుకున్నాడో ఆయనకి తట్టలేదు.

నాలుగేళ్ల పిల్లాడికి "అమ్మ చనిపోయింది. చనిపోయినవాళ్లు మళ్లీ రారు. అమ్మకి ఆకలేయదు, నొప్పి ఉండదు. నువ్వు నా దగ్గర ఉంటావు" అని చెప్పండి. నిద్రపోయింది అనొద్దు, వాడు పడుకోవడానికి భయపడతాడు. దేవుడు తీసుకెళ్లాడు అనడం మన ఇళ్లలో మామూలే, అన్నా పరవాలేదు గానీ, ముందు చనిపోయింది అన్న మాట ఉండాలి. వాడు విని, సరే అని, పావుగంటలో "మరి సాయంత్రం వస్తాదా" అంటాడు. మళ్లీ చెప్పండి. నెలల పాటు చెప్పాలి. చెప్పేటప్పుడు మీకు ఏడుపొస్తే ఏడవండి, వాడు చూసినా తప్పులేదు.

పాప సంగతి వేరు. అది అన్నీ తెలిసి ఏమీ అడగదు. తొమ్మిదేళ్లకే తమ్ముడికి అన్నం తినిపించి, అంట్లు తోమి, "మంచి పిల్ల" అనిపించుకుంటోందని మీరు మురిపెంగా రాశారు. నాకు అక్కడ కాస్త టెన్షన్ వచ్చింది. తన చోటు పోతుందేమోనని భయపడే పిల్లలు చాలా మంచిగా ఉంటారు. మీ బాబుతో ఒకసారి గట్టిగా పోట్లాడిందంటే, ఇల్లు తనది అనుకుందన్నమాట, సంతోషించండి. ఎంత కోపమొచ్చినా "మేం లేకపోతే మీ గతేంటి" అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. మీ అత్తగారి నోటా రాకూడదు. చుట్టాలు అంటే వాళ్ల ముందే ఖండించండి. ఒక్కసారి విన్న పిల్లలు అది ముప్పై ఏళ్లకి కూడా అక్షరం పొల్లుపోకుండా చెబుతారు.

మిమ్మల్ని ఏమని పిలవాలి? పిన్ని అనే పిలవనివ్వండి. చిన్నోడు వాడంతట వాడే అమ్మా అంటే దిద్దకండి. మీరు నేర్పించకండి, అంతే.

తండ్రి గురించి నా తప్పు ఒకటి చెబుతాను. మా తమ్ముడు ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం మీదే. మరదలికి మానసిక జబ్బు, చినవాల్తేరు ఆసుపత్రిలో చాలాకాలం వైద్యం నడిచింది. పాపని నేను తెచ్చుకున్నాను. వాళ్లమ్మని చూస్తే పాప బెదిరిపోతుందని, పండక్కి రమ్మన్నా ఏదో ఒక వంక చెప్పి తప్పించేదాన్ని. పిల్లల సంక్షేమం ఉద్యోగం చేస్తూనే, ఊరికంతా నీతులు చెబుతూనే. ఎనిమిదో తరగతిలో ఉండగా దాని కంపాస్ బాక్సులో ప్రొట్రాక్టరు కింద నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి ఓపీ చీటీ దొరికింది, వాళ్లమ్మ పేరున్నది. మా ఇంట్లో పాత ఫైల్లోంచి తీసుకుంది. అంచులు అరిగిపోయి ఉన్నాయి. "ఇదెందుకే?" అన్నాను. "అమ్మ చేతి సంతకం ఉంది అత్తా" అంది. నిజమే, కింద వంకర టింకరగా సంతకం. దాని దగ్గర అమ్మది అంటూ ఉన్నది అదొక్కటే. ఆ ఆదివారమే తీసుకెళ్లాను. బెదిరిపోలేదు. తల్లి జడ వేస్తానంటే కదలకుండా కూర్చుంది. ఇవి రాయొచ్చా అని దాన్ని అడిగే రాస్తున్నాను, ఇప్పుడు దానికి ఇరవై ఆరేళ్లు.

అందుకని బావ రాకుండా తలుపులు వేయకండి. షరతులు పెట్టండి. ఆదివారం పగటిపూట, తాగకుండా, మీ ఇంట్లోనే, మీ అమ్మగారు ఉన్నప్పుడు. తాగి వస్తే గేటు దగ్గరే "ఇవాళ కాదు బావా, వచ్చే ఆదివారం" అని పంపేయండి, పిల్లల ముందు తిట్లు వద్దు. పాప తర్వాత అడిగితే "నాన్న ఇవాళ తాగి ఉన్నాడు, అందుకే పంపించాను" అని చెప్పండి. దానికి తెలిసిన విషయమే. మీ నోటి నుంచి వింటే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. ఒక్క మినహాయింపు: ఆయన పిల్లల్ని కొట్టాడనో, పాప ఆయన్ని చూసి ఒళ్లు బిగపట్టుకుంటోందనో అనిపిస్తే ఈ పేరా మొత్తం మర్చిపోండి. అప్పుడు కలవడం కమిటీ ముందే, కమిటీ చెప్పినట్టే.

మీ ఆయన గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, "ఆయనకేం అభ్యంతరం లేదు" అని. అభ్యంతరం లేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. కూర్చుని మాట్లాడండి. ఎన్నేళ్లు, ఖర్చెంత, మీ బాబు చదువుకి ఏం తగ్గుతుంది, మీ అమ్మగారు మంచాన పడితే ఎవరు. మాట్లాడకుండా వదిలేసిన ఇళ్లలో అయిదారేళ్లకి పిల్లలు మేనమామ ఇంటికో, హాస్టలుకో మారడం చూశాను. అప్పుడు పిల్లలకది రెండోసారి ఇల్లు పోవడం.

ఈ వారం అన్నీ చేయలేరు, ఒక్కటి చేయండి. మీ అక్క బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్లి ప్రింటు వేయించండి. ఆవిడ పోవడానికి ముందొచ్చిన మే, జూన్ నెలల్లో 436 రూపాయలు గానీ, 20 రూపాయలు గానీ కట్ అయ్యాయేమో చూడండి. 436 అయితే జీవనజ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. 20 అయితే సురక్ష బీమా, ప్రమాదం వల్ల పోతేనే 2 లక్షలు. క్లెయిము నెల రోజుల్లో ఇవ్వమంటారు, మీకు ఎనిమిది నెలలైంది, అయినా బ్రాంచి మేనేజరుకి రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. నామినీ ఎవరని ఉందో కూడా అడగండి. పాస్‌బుక్‌లో ఏం కనిపించిందో ఈ ప్రశ్న కిందే రాయండి, తర్వాత ఏ కాగితాలు కావాలో చెబుతాను.